ఊరి భారతానికి ఉభయదారులున్నారు, వేషగాళ్లేరి?

ఇప్పటి కుర్రకారుకు భక్తి తగ్గిపోయిందని చిత్తూరు జిల్లా పూతలపట్టు సెంటర్లో ఎవరైనా అంటే పక్కవాళ్లే ఒప్పుకోరు. వినాయక చవితికి వీధికో మండపం లేస్తోంది. కార్తీకం వచ్చిందంటే నల్లబట్టల స్వాములు ఊరూరా కనిపిస్తారు. తిరుమల మెట్లదారిలో కాలేజీ పిల్లలు గుంపులు గుంపులుగా గోవిందలు కొడుతూ ఎక్కుతుంటారు. కొత్త బండి కొన్నాక కాణిపాకంలో పూజ చేయించకుండా రోడ్డెక్కించే కుర్రాడు ఈ చుట్టుపక్కల అరుదు. గుడికి పోవడం తగ్గలేదు, మొక్కులు తగ్గలేదు, ఖర్చు అసలే తగ్గలేదు. తగ్గింది వేరే. ఊరి పండగలో కుర్రవాళ్లు తమ ఒంటితో, గొంతుతో, చేతులతో చేయాల్సిన పని తగ్గింది. దాని స్థానంలో చూడటం, చందా ఇవ్వడం, ఫోనులో తీసుకోవడం వచ్చి కూర్చున్నాయి. యువత, మతం, సంస్కృతి అంటూ సాగే చర్చల్లో ఈ తేడా ఎవరికీ పట్టడం లేదు.

చిత్తూరు జిల్లాలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపించే చోటు ధర్మరాజుల గుడి. ద్రౌపదీ సమేత ధర్మరాజులకు గుళ్లు కట్టి, ఏటా భారతం జరిపించే ఊళ్లు ఈ జిల్లా పల్లెల్లో చాలా ఉన్నాయి. భారతం జరిపించడమంటే పద్దెనిమిది రోజుల పని. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. కొన్ని ఘట్టాలకు ఊరే రంగస్థలం. బకాసురుడికి కూడు మోసే బండి వీధి వీధీ తిరుగుతుంది. అర్జునుడి తపస్సుకైతే పొడవాటి మాను నాటి, దానికి మెట్లు కొట్టి, పైన చిన్న పీట కడతారు. అర్జునుడి వేషగాడు పద్యం పాడి ఒక మెట్టు, మళ్లీ పాడి ఇంకో మెట్టు ఎక్కుతాడు. మేనెల ఎండలో, ముఖానికి రంగుతో, కాళ్లకు గజ్జెలతో. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేలమీద సాగిలపడి ఉంటారు. పైకి చేరాక ఆయన నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. కొంగు చాపి పట్టుకోవడానికి తోపులాట. ఆ గంటన్నర సేపు ఆ మనిషి నటుడా, అర్జునుడా అని ఎవరూ అడగరు. దిగొచ్చాక కాళ్లకు మొక్కుతారు, మర్నాడు టీ అంగట్లో పేరు పెట్టి పిలుస్తారు.

చివరి రోజు దుర్యోధన వధ. మైదానంలో మట్టితో భారీ దుర్యోధనుణ్ని వెల్లకిలా పడుకోబెట్టి రంగులేస్తారు. భీముడు గదతో ఆ మట్టితొడ పగలగొట్టాక ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. కంకణం కట్టుకుని ఉపవాసం ఉన్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు. మొత్తం పద్దెనిమిది రోజుల్లో ఎంతమంది చేతులు పడతాయో చూడండి. మట్టి తొక్కేవాళ్లు, మాను తెచ్చేవాళ్లు, కట్టెలు పేర్చేవాళ్లు, పలక డప్పులు కొట్టేవాళ్లు, వండేవాళ్లు, వేషం కట్టేవాళ్లు. ఒక్కో రోజు ఉభయం, అంటే ఆ రోజు ఖర్చు పెట్టుకుని సేవ జరిపించే వంతు, ఒక్కో కులానికో, వంశానికో, వీధికో ఉంటుంది. కాణిపాకం వరసిద్ధి వినాయకుడి 21 రోజుల ఉత్సవాల్లోనూ వాహన సేవలకు చుట్టుపక్కల ఊళ్ల ఉభయదారులు ఇలాగే ఉంటారు.

ఇప్పుడు ఉభయాలకు కొరత లేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు తాత పేరుమీద ఉభయం అడిగి మరీ తీసుకుంటున్నాడు. దొరకనిది వేషగాడు. అర్జునుడు బయటి జట్టు నుంచి వస్తాడు, భీముడు అక్కడి నుంచే, హరికథకుడూ అంతే. ఊరి కుర్రవాళ్ల చేతిలో మిగిలింది మైకు, ఫ్లెక్సీ, డ్రోన్ కెమెరా.

వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పూతలపట్టు నుంచి ఒక రోడ్డు తిరుపతి మీదుగా నాయుడుపేటకు పోతుంది. చిత్తూరు, వేలూరు చేయి చాస్తే అందేంత దగ్గర. బెంగళూరు, చెన్నై రాత్రి బస్సెక్కితే తెల్లారేలోపు చేరే ఊళ్లు. పూతలపట్టు మండలంలోని పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో అమరరాజా సంస్థను పెట్టాక సొంత గడ్డ మీద షిఫ్టు ఉద్యోగాలు కొన్ని వచ్చాయి. అవి మంచి ఉద్యోగాలు. కానీ షిఫ్టులో ఉన్నవాడికి పద్దెనిమిది రాత్రులు సెలవెవరిస్తారు? అందుకే బకాసుర వధ, తపస్సు, అగ్నిగుండం ఉన్న మూడు రోజులే ఊరు నిండుతుంది. మిగతా రాత్రులు వీధినాటకం ముసలాళ్ల ముందు, తల్లి ఒళ్లో నిద్రపోయిన పిల్లల ముందు ఆడాల్సి వస్తోంది. చట్టానికి కూడా ఈ ఉత్సవం కొరుకుడు పడదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు మోగకూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు గానీ, అదీ ఏడాదికి 15 రోజులే. మన భారతం 18 రోజులు, అదీ తెల్లవార్లూ. ఊళ్లో గుండెలదిరేలా డీజే బాక్సులు మోగించినా, మద్దెల ముందు హార్మోనియం పెట్టుకుని కర్ణ మోక్షం పాడినా చట్టానికి రెండూ ఒక్కటే.

ఈ ఉత్సవంలో ఇంకొక సంగతి ఉంది, ఈ జిల్లా బయటివాళ్లకు అంతగా తెలియదు. ఇది ఒక భాష వాళ్ల సొత్తు కాదు. ద్రౌపది ఆరాధన తమిళనాట జింజీ ప్రాంతంలో బలంగా వేళ్లూనుకుంది. అమెరికన్ పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో, 1991లో దీనిమీద రెండు పెద్ద సంపుటాలు రాశారు. వలస వెళ్లిన తమిళులతో సింగపూరు మారియమ్మన్ గుడి దాకా అగ్నిగుండం వెళ్లింది. ఇక్కడి సరిహద్దులు మాత్రం మారుతూ వచ్చాయి. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు, జమీందారీలు కలిపి 1911లో చిత్తూరు జిల్లా చేశారు. 1953లో ఆంధ్రలోకి వచ్చాక కూడా సరిహద్దు తగాదా తెగలేదు, 1960లో తిరుత్తణి మద్రాసుకు పోయింది. గీతలు ఎటు గీసినా భారతం గీత దాటుతూనే ఉంది. మన వీధినాటకం కిరీటం, భుజకీర్తులు, తెర చూస్తే తమిళుల తెరుక్కూత్తుకు తోబుట్టువని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆడేది తెలుగులో, మధ్యలో హాస్యగాడు తమిళం కలిపితే ఎవరికీ అనువాదం అక్కర్లేదు. కంబ రామాయణాన్ని తెలుగు చేసిన పూతలపట్టు శ్రీరాములురెడ్డి ఈ నేల మనిషి కావడం యాదృచ్ఛికం కాదు. రెండు భాషలు ఇంట్లోనే వినపడే చోట అలాంటి పనికి పూనుకునే మనిషి పుట్టడం సహజం.

బెంగళూరులో ఉంటున్న మన పిల్లలకు అక్కడి కరగ తెలిసే ఉంటుంది. అదీ ధర్మరాయ గుడి ఉత్సవమే, అదీ ద్రౌపది కోసమే. పూలకరగ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లి వస్తుంది. 2022లో దర్గాకు వెళ్లొద్దని కొందరు పట్టుబట్టారు. గుడివాళ్లు ఆనవాయితీ మానలేదు, కరగ దర్గాకు వెళ్లింది. మన వైపు కూడా ఇలాంటివి ఉన్నాయి. కడపలో ఉగాదికి ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుణ్ని దర్శించుకుంటారు. బీబీ నాంచారమ్మను కట్టుకున్న స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. రాయలసీమ పల్లెల్లో పీర్ల చావిడి దగ్గర హిందువులు చక్కెర చదివించడం, పీరు ఎత్తుకోవడం కొత్త కాదు.

ఈ కలగలుపు మీద ఇప్పుడు ఒత్తిడి రెండు వైపుల నుంచీ ఉంది. పీర్ల పండగ అసలైన ఇస్లాం కాదని చెప్పే బోధకులు ఒకవైపు, దర్గాకు పోయే హిందువు హిందువే కాదనే పెద్దమనుషులు ఇంకోవైపు. ఒకరి మొహం ఒకరు చూడరు గానీ ఒకే మాట చెబుతున్నారు. పుస్తకంలో ఉన్నదే మతం, ఊళ్లో ఉన్నది మాలిన్యం అని. ఫోనులో వచ్చే ప్రసంగానికి పూతలపట్టు అయినా కాన్పూరు అయినా ఒకటే. ఊళ్లో పీరు ఎత్తుకున్న మనిషి, అగ్నిగుండానికి కట్టెలు మోసిన మనిషి ఒకడే అయినప్పుడు ఆ ప్రసంగం చెవికి ఎక్కదు. పక్కవాడితో కలిసి చేసే పని ఏదీ లేనప్పుడే అది తలకెక్కుతుంది. ఊరి ఉత్సవంలో కుర్రవాడికి పని ఉండాలని నేను పట్టుబట్టేది సంస్కృతి మీద మమకారంతో మాత్రమే కాదు. వైవిధ్యం అనే మాటను ఉపన్యాసాల్లో నేర్పలేం. రాజ్యాంగం 51ఎ అధికరణం మిశ్రమ సంస్కృతిని కాపాడటం పౌరుడి విధి అంటుంది, సరే. ఆ అధికరణం చదివి ఎవరూ పక్కవీధివాడితో కలిసి మట్టి తొక్కలేదు.

అయితే ఈ పాత ఏర్పాటును నెత్తిన పెట్టుకోవడానికి నాకు నోరు రాదు. అందరికీ పని ఉండేది నిజమే, ఎవరి పని ఏదో పుట్టుకతోనే తేలిపోయేది అన్నదీ నిజమే. పలక కొట్టడం దళితవాడ బాధ్యత. ఎవరి ఇంట చావైనా, ఏ గుడిలో జాతరైనా పిలిస్తే రావాలి, ఇచ్చింది తీసుకోవాలి, గుడి మెట్ల కిందే నిలబడాలి. ఇవాళ ఆ వాడల్లో డిగ్రీ చదివిన కుర్రవాళ్లు పలక పట్టం అంటున్నారు. ఊరి పెద్దలు దాన్ని సంస్కృతి మీద తిరుగుబాటు అంటారు. కాదు, అది లెక్క సరిచేసుకోవడం. అదే కుర్రవాడు ఆదివారం చర్చిలో ప్యాడ్స్ వాయిస్తుంటే చేతిలోని లయ ఎక్కడిదో వినేవాళ్లకు తెలుసు. 19వ శతాబ్దంలో ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపు బళ్లు, ఆసుపత్రులు పెట్టినప్పటి నుంచి ఇక్కడి వాడల్లో క్రైస్తవం ఉంది. చాలా ఇళ్లలో ఆదివారం ప్రార్థన, జాతరకు గంగమ్మకు పొంగలి. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుందన్న 1950 నాటి ఉత్తర్వు వల్ల కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఇంకొకటి అనే మౌనం కూడా ఆ ఇళ్లలో ఉంది. ఈ పిల్లలను జాతరకు పిలవాలంటే పాత పిలుపు పనికిరాదు. పలకకు కచేరీ వాయిద్యానికిచ్చే మర్యాద, పారితోషికం ఇచ్చి, గుడి మంటపంలో కూర్చోబెట్టి పిలవాలి. వాయించేవాడు ఏ కులం వాడైనా కావచ్చు అన్న మాట కూడా చెప్పాలి.

మాతమ్మ సంగతి ఇంకా చేదు. చిత్తూరు జిల్లాలో, పక్కనే తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో, జబ్బు చేసిన ఆడపిల్లను అమ్మవారికి వదిలేయడం, పెద్దయ్యాక తాళి కట్టి జాతరలో ఆడించడం, ఆ పేరుతో ఆమె ఒళ్లు ఊరి మగాళ్ల సొత్తు కావడం చాలాకాలం సాగింది. 1988లోనే రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ నోటీసులివ్వాల్సి వచ్చింది. మూడు దశాబ్దాలు! సంప్రదాయాన్ని యువత వదిలేస్తోందని బాధపడేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి. చెల్లెల్ని మాతమ్మగా వదలనని నిలబడిన అన్నలు, కూతుర్ని బడికే పంపిన తల్లులు ఊరి సంస్కృతికి ద్రోహులు కారు. ఏది వదలాలో తేల్చుకున్న వాళ్లే ఏది ఉంచుకోవాలో కూడా తేల్చగలరు.

ఇక సినిమా. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరను పుష్ప-2 దేశమంతా చూపించింది. 2023 ఏప్రిల్‌లో నీలిరంగు పూసుకుని చీర కట్టిన అల్లు అర్జున్ పోస్టర్ వచ్చినప్పుడే ఇక్కడి కుర్రవాళ్లు మా జాతర అని ఛాతీ విరుచుకున్నారు. 2024 డిసెంబరులో సినిమా వచ్చాక చెప్పనక్కర్లేదు. సినిమా పాడుచేసింది అని తిట్టడం సులువు, నాకు ఆ తిట్టులో పాలు పంచుకోవాలని లేదు. ఊరిపేరు చెప్పుకోవడానికి నామోషీ పడిన తరానికి అది గర్వాన్నిచ్చింది. చిక్కు ఎక్కడంటే, తెర మీదికి ఎక్కింది వేషం, కథ కాదు. గంగమ్మ కథలో పాలెగాడు ఉంటాడు. కంటపడిన ఆడపిల్లనల్లా చెరబట్టే బలవంతుడు. గంగమ్మ జోలికి వచ్చి, ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. ఆమె బైరాగిగా, బండగా, తోటిగా వేషాలు మార్చి వెతికి, దొర వేషంలో బయటికి రప్పించి చంపుతుంది. తర్వాత మాతంగి వేషంలో వెళ్లి అతని భార్యను ఓదారుస్తుంది. చంపినవాడి ఇంటికే వెళ్లి ఓదార్చే దేవత!

జాతర వారంలో మగవాళ్లు సుద్ద, కుంకుమ, బొగ్గు, చందనం పూసుకుని రోజుకో వేషం కట్టేది ఆ వెతుకులాటకు గుర్తుగా. మాతంగి రోజు మగపిల్లాడు అమ్మ చీర కట్టుకుని, పెట్టుడు జడకు పూలు చుట్టుకుని వీధిలో నడిచేది మొక్కు తీర్చుకోవడానికి. ఏ పసితనంలోనో జ్వరం వస్తే తల్లి మొక్కిన మొక్కు. ఆ రోజు వాడి జడ అల్లేది అక్క, బొట్టు పెట్టేది అమ్మ. ఎవరూ నవ్వరు. మగతనాన్ని కాసేపు పక్కన పెట్టే వెసులుబాటు ఈ జాతర ఇక్కడి మగపిల్లలకు తరతరాలుగా ఇచ్చింది. తెర మీద అదే చీర హీరో కండబలానికి తోడైంది. రీల్స్‌లో అనుకరిస్తున్నది ఈ రెండోదాన్ని. అదే గుంపులో ఆడపిల్లలు తోపులాట మధ్య చేతులు అడ్డం పెట్టుకుని నడవాల్సి వస్తే, పాలెగాడి కథ ఏటా ఎవరికోసం చెబుతున్నట్టు?

చేయాల్సినవి పెద్ద పథకాలేమీ కావు. కాణిపాకం దేవస్థానానికి రాబడి ఉంది, చుట్టూ భారతం జరిపే ఊళ్లున్నాయి. ఏటా ఎండాకాలం సెలవుల్లో వీధినాటకం, హరికథ, పలక, పంబ నేర్పే బడి ఒకటి అక్కడ నడిపితే ఖర్చు ఒక్క రోజు అలంకరణంత కాదు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దులో పెట్టిందే ఇలాంటి పనికోసం కదా. వీధినాటక గురువుల పాఠాలను, పద్యాలను రికార్డు చేయించడం దానికి తలకు మించిన పని కాదు. టీటీడీ శ్రీవాణి ట్రస్టు డబ్బుతో దళితవాడల్లో గుళ్లు కడుతున్నారు, మంచిదే. అదే వాడలో అప్పటికే ఉన్న గంగమ్మ రాతికి పైకప్పు వేయడానికి, ఆ అమ్మవారి కథ పాడే పంబలవాళ్లకు నెలకు ఇంత అని ఇవ్వడానికి నిబంధనలు అడ్డొస్తే నిబంధనలే మార్చాలి.

పద్దెనిమిది రోజులూ కుదరని ఊళ్లు శని, ఆదివారాలకు సర్దుకుంటే సంప్రదాయవాదులు గొణుగుతారు. గొణగనివ్వండి. ఆడపిల్లలు చిత్తూరు బళ్లలో కూచిపూడి నేర్చుకుని వేదికలెక్కుతున్నారు. ఊరి భారతంలో ద్రౌపది వేషం మాత్రం ఇప్పటికీ మీసం గీయించుకున్న మగాడే కట్టే చోట్లు ఉన్నాయి. ఆ వేషం ఊరి ఆడపిల్లకిస్తే రాత్రి ముందు వరసలో కూర్చునే జనం ఎవరో ఊహించుకోవచ్చు. వాళ్ల అమ్మలు, స్నేహితురాళ్లు, పక్క వీధి వాళ్లు.

డబ్బు లేదన్న సాకు కూడా నిలబడదు. ఏ ఊరి భారతం కమిటీ అయినా పద్దు తీస్తే ఫ్లెక్సీలకు, లైటింగుకు, డీజేకు, టపాసులకు పోయిన మొత్తం ఒకవైపు, రాత్రంతా ఆడిన నాటకం జట్టుకు ముట్టింది ఇంకోవైపు ఉంటుంది. ఆ పద్దును ఉత్సవం ముగిసిన వారంలోగా గుడి గోడ మీద అంటించమని గ్రామసభ అడగొచ్చు, అడ్డు చెప్పే చట్టమేదీ లేదు. మరుసటేడు చందా పుస్తకంతో గుమ్మంలోకి వచ్చిన కుర్రాళ్లను, ఈసారి మీలో వేషం కట్టేదెవరు నాయనా అని ఇంటి పెద్దావిడ అడగడానికి అప్పుడు కాస్త ఊతం దొరుకుతుంది.